మన్రో దొర తుపాకులు దించాడు, భూమి ఎవరికి రాశాడు?

ఒకప్పుడు అనంతపురం ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారు. పాలెగాళ్ల పీడ వదిలించిన దొర మీద అభిమానం అది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చరిత్ర చెప్పేవాళ్లు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. మాలపల్లె, మాదిగవాడ వైపు నుంచి చదివితే మాత్రం ఆ జీవితం లెక్క వేరేగా తేలుతుంది.

థామస్ మన్రో 1761లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఒక వ్యాపారి ఇంట పుట్టాడు. 1780లో, పద్దెనిమిదేళ్ల వయసులో, కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసు వచ్చాడు. ఆ సెప్టెంబరులోనే పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ, టిప్పుల సేనలు కర్నల్ బెయిలీ దండును చుట్టుముట్టాయి. మందుగుండు బండ్లు పేలిపోవడంతో ఆ దండు కుప్పకూలింది. దగ్గర్లోని కంచిలో ఉన్న పెద్ద సైన్యంలో కుర్ర మన్రో ఉన్నాడు. మందు లేకపోతే తుపాకి వట్టి ఇనప గొట్టమేనని ఆ యుద్ధం చూపించింది.

తర్వాత బారామహల్లో శిస్తు పని నేర్చాడు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురం చేరాడు. అప్పటికి దత్త జిల్లాల్లో సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30,000 మంది సాయుధ బంట్లు ఉన్నారు.

పల్లెల్లో అప్పుడు ఎక్కువగా ఉన్నది వత్తి తుపాకి. గొట్టంలో మందు, గుండు దట్టించి, పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మందు పోసి, రగులుతున్న వత్తిని దానికి తాకించాలి. నిప్పు సన్న రంధ్రం గుండా లోపలికి పాకి పేలుతుంది. వాన పడితే వత్తి ఆరిపోతుంది. కంపెనీ సిపాయిది చెకుముకి తుపాకి. రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాలుతుంది. అతని తూటా ఒక కాగితపు పొట్లం. కొలిచిన మందు, గుండు అందులోనే ఉంటాయి. పళ్లతో చింపి పోసుకోవడమే. అందుకే అతను వేగంగా కాల్చగలిగేవాడు. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం అండతో మన్రో పాలెగాళ్లను లొంగదీసి, బంట్లను చెదరగొట్టాడు. కొందరికి పింఛను ఇచ్చాడు.

ఆ తర్వాత ఆయన ఆయుధం గొలుసు. 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిపించి, రైతు పేరు మీద నేరుగా శిస్తు కట్టాడు. అదే రైతువారీ. దళారీ పోయాడు, నిజమే. కానీ రైతు అంటే ఎవరు? పొలం తనదని చెప్పుకోగలిగినవాడు. కపిల బావికి తోలుబాన కుట్టిన మాదిగ, ఊరి వెట్టి చేసిన మాల ఆ లెక్కలో ఎక్కువగా కూలీలుగానే మిగిలారు. ఊరి సేవకు దక్కిన చిన్న మాన్యమే కొందరికి ఆధారం.

మన్రో సీమ వదిలిన 1807లోనే స్కాట్లండ్ మతాధికారి అలెగ్జాండర్ ఫోర్సిత్ కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. దెబ్బ తగిలితే మండే మందుతో తుపాకి పేల్చడం అందులో కిటుకు. దాని నుంచే రాగి క్యాప్ వచ్చింది. సుత్తి పడగానే చిన్న రాగి టోపీలోని మందు మెరుస్తుంది; వత్తీ, రవ్వా అక్కర్లేదు. వానలోనూ పేలుతుంది. 1840ల్లో బ్రిటిష్ సైన్యం దానికి మారింది. తర్వాత క్యాప్, మందు, గుండు మూడూ ఒకే లోహపు గొట్టంలో చేరి నేటి తూటా అయ్యాయి. 1878 ఆయుధ చట్టంతో తుపాకికి లైసెన్సు కావాల్సి వచ్చింది.

కంపెనీ మద్రాసు సైన్యంలో పరయలు పెద్దసంఖ్యలో ఉన్నారు. అంటరానివాడికి జీతం, పింఛను దొరికిన అరుదైన చోటు అది. ఆ తలుపు కూడా ఆ శతాబ్దం చివరికి మూసుకుపోతూ వచ్చింది.

మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పాలెగాడి తుపాకి దిగినందుకు మన వాడలు కూడా ఊపిరి పీల్చుకుని ఉంటాయి. కానీ ఆ గొలుసు గీసిన గట్లలో మనకు దక్కింది కొంచెమే. సాగుభూమికి పట్టా కోసం దళితులు ఈనాటికీ తహశీల్దారు ఆఫీసు ముందు నిలబడుతున్నారంటే, ఆ బాకీ మన్రో కాలం నాటిది.