పరాయిగా వచ్చి మనవాడైన మూసా రహీం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వైపు వెళ్లేవారికి మూసారాంబాగ్ పేరు కొత్త కాదు. ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి తెలిసినవారు మాత్రం తక్కువే. ఆయన జీవితాన్ని రెండు మార్చి నెలలు మలుపు తిప్పాయి. ఒక మార్చి ఆయన ప్రతిష్ఠను పెంచింది. మరో మార్చి ఆయన్ను మన మట్టిలో కలిపింది.

ఆయన అసలు పేరు మిషెల్ జోకిమ్ మారీ రేమండ్. 1755 సెప్టెంబరులో ఫ్రాన్సులో ఒక వర్తకుని ఇంట పుట్టారు. 1775లో వ్యాపారం చేద్దామని పుదుచ్చేరి చేరారు. అయితే కొద్దికాలానికే సిపాయి వృత్తిలోకి మారారు. మైసూరు రాజ్యంలోని ఫ్రెంచి దళంలోనూ, తర్వాత బుస్సీ దొర వద్దా పనిచేశారు. 1785లో బుస్సీ మరణించాక హైదరాబాద్ వచ్చి నిజాం అలీఖాన్ కొలువులో కుదిరారు.

మొదట ఆయన చేతికింద ఉన్నది సుమారు 300 మంది. పదేళ్లు తిరిగేసరికి ఆ దళం వేల సంఖ్యకు పెరిగింది. చివరికి దాదాపు 14,000 మంది అయ్యారు. నగరంలో ఫిరంగులు పోతపోసే కార్ఖానా నెలకొల్పారు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. నేటి గన్‌ఫౌండ్రీ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

1795 మార్చి 11న ఖర్దా వద్ద మరాఠాలతో యుద్ధం జరిగింది. ఇంగ్లీషువారు నిజాంకు తోడురాలేదు. రేమండ్ దళం గట్టిగా నిలబడి పోరాడినా, నిజాం సేన వెనుదిరగక తప్పలేదు. దివాన్ అరస్తూ జాను మరాఠాలకు అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడాది నిజాం కుమారుడు అలీ జా తండ్రిపైనే తిరగబడ్డాడు. ఆ తిరుగుబాటును అణచినవారు రేమండే. ఇంగ్లీషువారి మీద నమ్మకం సడలిన నిజాంకు ఆయనే అండ అయ్యారు.

1798 మార్చి 25న రేమండ్ హఠాత్తుగా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లు. విషప్రయోగం జరిగిందన్న వదంతి పుట్టింది గానీ, అది రుజువు కాలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నారు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడం అందులో ఒక షరతు. అక్టోబరు 22న ఆ సిపాయిల చేత, యుద్ధం లేకుండానే, ఆయుధాలు దింపించారు. అటుపై హైదరాబాద్ రక్షణ ఇంగ్లీషువారి చేతుల్లోకి పోయింది.

మూస్యే రేమండ్ అన్న మాట జనం నోట ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయింది. సరూర్‌నగర్ పొరుగున అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. ఆయన వర్ధంతి నాడు అక్కడ చాలా ఏళ్లపాటు ఉరుసు జరిగేది. ఉభయ మతాలవారూ వచ్చేవారు.

ఆయన మన ఊరివాడు కాదు, మన భాషవాడు కాదు, మన మతంవాడూ కాదు. అయినా తిన్న ఉప్పుకు ద్రోహం చేయలేదు. అందుకే జనం ఆయన్ను తమవాడిగా చేసుకుని, తమ పేర్లే పెట్టి పిలుచుకున్నారు. అటువైపు వెళ్లినప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పండి.