ఏకాకియైనను ధర్మము వీడని న్యాయమూర్తి

శ్రీవారి దర్శనార్థము తిరుపతికి వచ్చు యాత్రికులు కొండ దిగువన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును చూచియే యుందురు. 1954లో వెలసిన ఆ విద్యాలయమునకు తొలి కులపతి జస్టిస్ కోకా సుబ్బారావు గారు. స్వామి నామము దాల్చిన సరస్వతీ నిలయముతో ముడివడిన ఆ మహనీయుని జీవితము ధర్మాభిమానులెల్లరు తెలిసికొనదగినది.

ఆయన 1902 జూలై 15న గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరమున జన్మించిరి. మద్రాసులో న్యాయశాస్త్రము నభ్యసించి, మామగారైన పి. వెంకటరమణారావు గారి కడ న్యాయవాద వృత్తి నారంభించిరి. కొంతకాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తియైరి. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకును, 1956లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకును ప్రథమ ప్రధాన న్యాయమూర్తి ఆయనయే. 1958లో సుప్రీంకోర్టున ప్రవేశించి, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి.

పదవులకంటె ఆయన నిర్భయత్వము గొప్పది. ఖరక్ సింగ్ అను సామాన్యుని పోలీసులు అనుక్షణము కనిపెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టుచుండిరి. 1962లో ఆ వ్యాజ్యమును విచారించిన ధర్మాసనమందు అధిక సంఖ్యాకులు రాత్రివేళ గృహప్రవేశమును మాత్రమే కొట్టివేసి, ఏకాంత జీవనము రాజ్యాంగదత్తమైన హక్కు కాదనిరి. సుబ్బారావు గారు అంగీకరింపలేదు. ఆ నిఘా యంతయు మానవుని స్వేచ్ఛకు సంకెలయే యని భిన్నాభిప్రాయము వ్రాసిరి. జస్టిస్ షా గారొక్కరే ఆయనతో నిలిచిరి.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమందు, ప్రాథమిక హక్కులను హరించు అధికారము పార్లమెంటునకు లేదని ఆరుగురు న్యాయమూర్తుల పక్షమున తీర్పు వెలువరించిరి. ఐదుగురు విభేదించిరి. ఆ ఏప్రిల్‌లోనే పదవిని త్యజించి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచి, డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓటమి నొందిరి. న్యాయపీఠము దిగిన వెంటనే ఎన్నికకు నిలుచుట తగునా యని విమర్శించినవారును లేకపోలేదు. 1976 మే 6న ఆయన పరమపదించిరి.

గోలక్‌నాథ్ తీర్పు 1973లో త్రోసివేయబడినను, రాజ్యాంగ మౌలిక స్వరూపమును మార్చరాదను సిద్ధాంతము ఆ 1973 నాటి తీర్పునందే స్థిరపడెను. ఏకాంత జీవనము ప్రాథమిక హక్కేయని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా నిర్ణయించి, నాటి అల్పసంఖ్యాక పక్షమును సమర్థించిరి. ఆయన గతించి అప్పటికి నలువది యొక్క వత్సరములు.

ఫలము కంటికి కానరాకున్నను కర్తవ్యము నాచరించుటయే కర్మయోగము. సత్యమునకు సంఖ్యాబలముతో పనిలేదని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.