తండ్రి పేరు తప్పిన తీగ

జర్మన్ భాష మాటాడు దేశములలో ముల్లర్ అను ఇంటిపేరు మిక్కిలి సామాన్యము. వృక్షశాస్త్రజ్ఞులలోనే పలువురు ముల్లర్లుండుటచే హెర్మన్ ముల్లర్ తన పేరు చివర స్వస్థలమగు తుర్గౌ మండలము పేరును చేర్చుకొనెను. మనవారు ఊరిపేరును ఇంటిపేరుగా ధరించుట వంటిదే యిదియును. ఆ జంటపేరు నేడు మనిషికంటె ఒక ద్రాక్షతీగకే యెక్కువగా చెల్లుచున్నది.

ఆయన 1850 అక్టోబరు 21న స్విట్జర్లాండులోని టేగర్‌విలెన్ గ్రామమున జన్మించెను. తండ్రి రొట్టెలు కాల్చి యమ్మువాడు. జూరిచ్‌లో చదివిన పిమ్మట ముల్లర్ వుర్ట్స్‌బుర్గులో జూలియస్ సాక్స్ అను మహాపండితునకు శిష్యుడై, 1874లో నాచుమొక్కలపై రచించిన సిద్ధాంతవ్యాసమునకు డాక్టరు పట్టము పొందెను. 1876లో రైన్ నదీతీరమందలి గైసెన్‌హైమ్‌లో వృక్షశరీరధర్మ పరిశోధనశాలకు అధిపతి యయ్యెను. బంగాళాదుంప తియ్యబడుట గడ్డకట్టుటవలన కాదనియు, చిరకాలము చలిలో నుండుటచే అందలి పిండి చక్కెరగా మారి నిలువయగుటవలననే యనియు 1882లో చూపినవాడాయనయే.

తన పేరు నిలిపిన తీగకు ఆయన బీజము వేసినదియు ఆ యేడే. రైన్ తీరపు ద్రాక్షలలో రీస్లింగ్ రాణివంటిది. దాని యాసవము పరిమళభరితము. కాని పండు ఆలస్యముగా పక్వమగును. చలి ముందుగా వచ్చిన యేట పులుపు విరుగకయే రైతు కోసికొనవలసివచ్చును. సిల్వానర్ అట్లుకాదు, త్వరగా పండును, కాపు దండి. ఆ గుణమును ఈ పరిమళమును ఒకే తీగయందు చూడవలెనని ముల్లర్ సంకల్పము. చెప్పినంత సులభము కాదది. ద్రాక్షపూవు అత్యల్పము, రేకులన్నియు నతుకుకొని టోపీవలె నుండును. టోపీ రాలకమునుపే చిమటాతో కేసరములను తొలగించి, వేరుజాతి పుప్పొడి నద్ది, గుత్తికి సంచి కట్టవలెను. పిదప విత్తు మొలచి తీగయై కాచువరకు ఏండ్లు వేచియుండవలెను.

1891లో ఆయన వేడెన్స్‌విల్ పరిశోధనాలయమునకు సంచాలకుడై స్వదేశమునకు మరలెను. వెనుకనే నూటయేబది మొక్కలు వచ్చెను. వానిని నాటి, పరీక్షించి, ఏరినవాడు సహాయకుడు హైన్రిఖ్ షెల్లెన్‌బర్గ్. అతని యెన్నికలో నెగ్గినది 58వ సంఖ్య గల తీగ. కీర్తి గురువునకు దక్కెనుగాని, ఈ శిష్యుని ఓర్పు లేనిచో ఆ తీగ సంఖ్యగానే మిగిలియుండెడిది.

ఆసవమునకు వన్నెతెచ్చు ద్రాక్షను వెదకిన యీయనయే, మత్తులేని ద్రాక్షరసమును ప్రజలకలవాటు చేయుటకును పాటుపడెను. రసమును సీసాలలో మూసి, మరుగనీయక వేడిచేసి, పులియకుండ నిలువచేయు పద్ధతిని 1896లో ఒక గ్రంథముగా ప్రకటించెను. మద్యపానముచే చెడుచున్న కుటుంబములున్న దేశమునకు ఇది చిన్న ఉపకారము కాదు.

1913లో ఔగుస్ట్ డెర్న్ ఆ తీగను తిరిగి జర్మనీకి గొనిపోయి, దానికి ముల్లర్-తుర్గౌ అని నామకరణము చేసెను. 1970ల దశకమున ఆ దేశములో అన్ని ద్రాక్షలకంటె అధిక విస్తీర్ణమున నిదియే పెరిగెను. పిమ్మట రీస్లింగ్ తన స్థానమును తిరిగి గైకొనెను. ముల్లర్-తుర్గౌ ఆసవము మృదువు, కొంచెము పూలవాసన గలది, పులుపు తక్కువ. చలికిని కుళ్ళుతెగులునకును తీగ యోర్వలేదు. అధికమగు కాపునకాశపడి రుచిని పలుచచేసిన దోషము మాత్రము తీగది కాదు, రైతులది.

1927 జనవరి 18న ముల్లర్ వేడెన్స్‌విల్‌లో కన్నుమూసెను. 2000 ప్రాంతమున డి.ఎన్.ఏ. పరీక్షలు జరుగగా తీగ తల్లి రీస్లింగే యని తేలెను. తండ్రి మాత్రము సిల్వానర్ కాదు, మడ్లెన్ రాయాల్ అను ఫ్రెంచి ద్రాక్ష. పుప్పొడి తారుమారో, చీటీ తారుమారో! మడ్లెన్ అను పేరే శీఘ్రపాకమునకు గురుతు. జూలై 22న వచ్చు మగ్దలేనా మరియ పండుగనుబట్టి తొలికాపు ద్రాక్షలకు ఆ పేరు వచ్చినది. కావున ముల్లర్ కోరిన త్వరిత పక్వత ఆయన యెంచని తండ్రినుండియే సంక్రమించెను.

స్విట్జర్లాండు సీసాలపై మాత్రము నేటికిని రీస్లింగ్-సిల్వానర్ అనియే అచ్చువేయుచున్నారు.