ఆయుధం లేని యుద్ధ సాక్షి

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైనిక చర్యకు దిగిన పాకిస్థాన్ సైన్యం, అక్కడున్న విదేశీ విలేకరులను హోటల్లో నిర్బంధించి దేశం దాటించింది. సాక్షి లేకపోతే నేరమూ లేదన్నది దాని లెక్క. ఆ డిసెంబరులో, ఏ పత్రికా పంపకుండానే, ఒక భారతీయుడు కెమెరాతో అక్కడికి చేరుకున్నారు. ఆయన కిశోర్ పరేఖ్.

1930లో గుజరాత్‌లోని భావనగర్‌లో జన్మించిన పరేఖ్, అమెరికాలో సినిమా, డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ చదివారు. తిరిగొచ్చి 1960లలో హిందుస్థాన్ టైమ్స్ చీఫ్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. 1962 చైనా యుద్ధం, 1965 పాక్ యుద్ధం, తాష్కెంట్ చర్చలు, బిహార్ కరవు ఆయన కెమెరాకెక్కాయి. తర్వాత హాంకాంగ్‌లోని పత్రికా సంస్థల్లో చేరారు.

1971 యుద్ధ వార్త విని ఆయన అక్కడ నిలవలేకపోయారు. సుమారు 40 ఫిల్మ్ రోల్స్‌తో బయలుదేరి, సైన్యం అడ్డుచెప్పినా పట్టుబట్టి హెలికాప్టర్‌లో చోటు సంపాదించారని చెబుతారు. రెండు వారాల్లోనే పని ముగించుకుని వెనుదిరిగారు. శరణార్థులు, ఆకలితో అలమటించే పిల్లలు, ఢాకా వీధుల్లో శవాలు, విజయోత్సాహం... 67 ఛాయాచిత్రాలతో 'బంగ్లాదేశ్: ఎ బ్రూటల్ బర్త్' పుస్తకం వెలువడింది. భారత ప్రభుత్వం 20,000 ప్రతులు కొనుగోలు చేసింది.

వాటిలో ఒక చిత్రం సైనికుడిగా నన్ను ఇప్పటికీ నిలదీస్తుంది. ఆయుధం దాచాడేమోనన్న అనుమానంతో భారత జవాను ఒక పౌరుడి లుంగీలోకి తొంగిచూస్తుంటాడు. శత్రువెవరో, సామాన్యుడెవరో తెలియని చోట ఆ తనిఖీ తప్పదు. అయినా ఆ మనిషి అవమానాన్ని కెమెరా దాచలేదు. మన సైన్యానికి ఇబ్బంది కలిగించే దృశ్యాన్నీ వదలలేదు కాబట్టే, పాక్ దారుణాలపై ఆయన చిత్రాలను ప్రచారమని కొట్టిపారేయడం కష్టం.

1982లో హిమాలయాల్లో ఫొటోలు తీస్తుండగా గుండెపోటుతో పరేఖ్ మరణించారు. కృత్రిమ దృశ్యాలు క్షణాల్లో పుట్టుకొస్తున్న ఈ రోజుల్లో విలేకరిని యుద్ధరంగానికి దూరంగా ఉంచాలనిపించడం సహజం. సైనిక రహస్యాలను కాపాడుకోవాల్సిందే. కానీ స్వతంత్ర సాక్షిని పూర్తిగా దూరం పెడితే, రేపు మనం చెప్పే నిజాన్ని నమ్మడానికి ఎవరూ మిగలరు.