కండరం గుట్టు విప్పిన మన యల్లాప్రగడ

ఈ సంచికలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం రాయాలని మేము అనుకోవడానికి కారణం ఒక తమ్ముడు. మేము శావల్యాపురం హాస్టల్లో ఉన్న రోజుల్లో వాడు ఆరో తరగతి. బంతిలో అన్నం తిన్నాక రెండు చేతులూ తొడల మీద ఆనించి పైకి పాకితేగాని లేవలేకపోయేవాడు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేవాడు. కనురెప్పలు వంగపువ్వు రంగుకు తిరిగాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి మచ్చలు. మేము వాడిని ముసలోడా అని పిలిచాం. బకెట్ మోయడానికి బద్ధకం అనుకున్నాం. ఒకచోట గజ్జి అని పూతమందు రాసిచ్చారు. చివరకు పెద్దాసుపత్రిలో తెలిసింది, అది జువెనైల్ డెర్మటోమయోసైటిస్ అనే జబ్బని. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి చర్మంలోని, కండరాల్లోని సన్నని రక్తనాళాల మీద, కండరాల మీద దాడి చేస్తుంది. ఏటా పది లక్షల మంది పిల్లల్లో ఇద్దరికో నలుగురికో వస్తుందట. అంటువ్యాధి కాదు.

వాడి మందుల సంచిలోని రెండు రకాల మాత్రల వెనుక ఉన్న మనిషి మన తెలుగువాడేనని మాకు పీజీకి వచ్చాకగాని తెలియలేదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో ఇబ్బందులు. చదువు మీద మనసు నిలవక చిన్నతనంలోనే కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరాడు. వెనక్కి తెచ్చి మళ్ళీ బడికి పంపిన ఘనత తల్లిదే. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. మన హాస్టల్లో సప్లిమెంటరీ రాసే తమ్ముళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులకు స్నేహితులు, పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. 1919లో శేషగిరి గారితో వివాహం అయింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటుతో ఆపరేషన్ గదికి వెళ్ళడం బ్రిటిష్ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువ హోదా గల ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇదే కాలంలో అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బది. ఆయనకూ వచ్చి తగ్గింది.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. మామగారి సాయానికి తోడు కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఇచ్చింది. అయినా చాలక ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. ఇక్కడ మాకు ఆయన మీద కాస్త కోపం ఉంది. భార్య ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన తిరిగి రానే లేదు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఈ ముక్క దాటేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుండగా లెక్క తేలని భాస్వరం కనబడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపడింది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. మనం బకెట్ ఎత్తినా, మెట్టెక్కినా కండరం ఖర్చుపెట్టేది ఏటీపీనే. అది తరిగిపోగానే వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. చేతిఖర్చు, పక్కన దాచిన డబ్బు లాంటివి. అంతకుముందు కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మేవారు. ఆ నమ్మకం దీనితో కూలింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధనకు పెద్దయ్యారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకెళ్ళిన స్ప్రూకు అది మందయింది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ కూడా అక్కడే వచ్చింది.

ఆ తర్వాతి పనే మన తమ్ముడికి సంబంధించినది. ఫోలిక్ యాసిడ్‌లాగే కనబడి కణాన్ని మోసం చేసే పదార్థాలను ఆయన బృందం తయారుచేసింది. వేగంగా పెరిగే కణాలు దాన్ని అసలుదనుకుని తీసుకుని ఆగిపోతాయి. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. తన మందు క్యాన్సర్ దాటి ఎక్కడెక్కడికి వెళ్తుందో చూడలేదు.

తక్కువ మోతాదులో అదే మందు దారితప్పిన రక్షణ వ్యవస్థను అదుపులో పెడుతుందని తర్వాత తేలింది. ఈ కండరాల జబ్బున్న 139 మంది పిల్లల మీద 22 దేశాల్లో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినదానికంటే మెథోట్రెక్సేట్ కలిపి ఇచ్చినప్పుడు మేలని చెప్పింది. స్టెరాయిడ్లు లేని కాలంలో ఈ జబ్బొచ్చిన పిల్లల్లో దాదాపు మూడోవంతు చనిపోయేవారు.

మన తమ్ముడికి వైద్యం ఒక్క డాక్టరుతో కాలేదు. రుమటాలజీ డాక్టరు, చర్మం డాక్టరు, కండరాలు బిగుసుకోకుండా వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు, తరచూ రక్తపరీక్షలు. ఎండలో తిరగొద్దన్నారు. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బితే మేము దానికీ ఒక పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయలేం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకని వాడి ట్రంకుపెట్టె మూత లోపల సుద్దతో ఆదివారం అని రాశాం. మర్నాడు సోమవారం ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ వల్ల నోరు పూయకుండా. మోసం చేసే మాత్రా, అసలు మాత్రా రెండూ సుబ్బారావు గారి ప్రయోగశాలవే.

1995లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. మన తమ్ముడు ఇప్పుడు చేతులు ఆనించకుండానే లేస్తాడు. నీళ్ళ బకెట్ మాత్రం ఇంకా సగమే నింపుకుంటాడు.