ఆర్గను విద్వాంసుడు ఫ్యాట్స్ వాలర్

మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు వర్జీనియా యను పేరు క్రొత్తది కాదు. పొగాకు బ్యారనులున్న ప్రతి పల్లెయందును ఆ పేరు వినబడుచునే యుండును. ప్రత్తియు మన నల్లరేగడి నేలకు చిరపరిచితమైన పంటయే. ఆ వర్జీనియా అమెరికాలోని యొక రాష్ట్రము. పూర్వకాలమున అచ్చటి పొగాకు చేలలోను, దానికి దక్షిణముననున్న రాష్ట్రముల ప్రత్తిచేలలోను ఆఫ్రికానుండి బలవంతముగా కొనిపోబడినవారును, వారి సంతతివారును బానిసలై పాటుపడుచుండిరి. వారికి కూలి లేదు. చదువుకొను స్వేచ్ఛ లేదు. కన్నబిడ్డలపై సయితము హక్కు లేదు. పాట యొక్కటి మాత్రము వారినుండి ఎవరును తీసికొనలేకపోయిరి. మోషే ఇశ్రాయేలీయులను ఐగుప్తు దాస్యమునుండి విడిపించిన వృత్తాంతమును తమ కథగానే యెంచి వారు పాడుకొనిరి. 1865లో బానిసత్వము రద్దయ్యెను గాని ఆ పాటలు మాత్రము నిలిచియున్నవి.

ఆ పాటల సంప్రదాయములో పుట్టి, గుడిలో మ్రోగు ఆర్గనుపై జాజ్ అను నూతన సంగీతమును పలికించిన మొదటి గొప్ప విద్వాంసుడు ఫ్యాట్స్ వాలర్. జాజ్ అనగా ఆఫ్రికా సంతతికి చెందిన అమెరికనులు ఇరువదవ శతాబ్దారంభమున రూపొందించిన సంగీతము. మన గాయకులు ఒక పల్లవిని గ్రహించి మనోధర్మముతో కల్పనాస్వరములు అల్లునట్లు, జాజ్ వాద్యకారులును ఒక వరుసను ఆధారముగా గొని, తాళము తప్పక, అప్పటికప్పుడు క్రొత్త సంగతులను కల్పించెదరు.

థామస్ రైట్ వాలర్ 1904వ సంవత్సరము మే నెల 21వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. శరీరము స్థూలముగా నుండుటచే తరువాత ఆయనకు ఫ్యాట్స్, అనగా బొద్దువాడు, అను పేరు స్థిరపడెను. తలిదండ్రులు ఎడ్వర్డు, ఎడలైన్ వర్జీనియానుండి వలసవచ్చినవారు. వారికి కలిగిన 11 మంది బిడ్డలలో 5గురు మాత్రమే బాల్యము దాటి బ్రతికిరి. తండ్రి పాదిరి పట్టము లేకున్నను భక్తిగల బోధకుడు. నల్లజాతివారు నివసించు హార్లెము పేటలో వీథికూటములు జరిపి సువార్త ప్రకటించువాడు. తల్లి పాటపాడుటయందును ఆర్గను వాయించుటయందును ప్రవీణురాలు. బాలుడు 6 ఏండ్ల ప్రాయమున పియానో నేర్వ నారంభించి, మరి నాలుగేండ్లకు తండ్రి జరుపు ఆరాధనలలో ఆర్గను వాయింపసాగెను. మన పల్లె ప్రార్థనాలయములలోని హార్మోనియము పెట్టెయు, ఆ వీథికూటములలోని చిన్న ఆర్గనును ఒకే కుటుంబమునకు చెందినవి. రెండింటియందును తిత్తులు కదలించు గాలిచేతనే లోహపు రీడులు పలుకును.

కుమారుడు తనవలె బోధకుడు కావలెనని తండ్రి యాశించెను. కాని బాలుని మనస్సు సంగీతముపైననే యుండెను. ఉన్నత పాఠశాల చదువు మధ్యలోనే విడిచి, 15 ఏండ్ల ప్రాయముననే హార్లెములోని లింకను నాటకశాలలో ఆర్గను వాయించు ఉద్యోగము సంపాదించెను. అవి మూకీ చిత్రముల దినములు. తెరపై బొమ్మ కదలుచుండగా, సందర్భమునకు తగినట్లు దుఃఖమో, హాస్యమో, భయమో వాద్యముచే పలికించుట ఆర్గనువాని పని. విలియం బేసీ యను యువకుడు ఆ వాద్యము చెంత నేలపై కూర్చుండి, వాలర్ పాదములు పెడలులపై కదలు తీరును చూచి నేర్చుకొనెను. అతడే తరువాత కౌంట్ బేసీ యను పేరుతో ప్రసిద్ధుడైన జాజ్ బృందనాయకుడయ్యెను. ఇటువంటి నాటకశాలా సంగీతము సైతాను పనియని తండ్రి తలంచుచుండెను. అతని వ్యాకులతను మనము తేలికగా త్రోసివేయరాదు. కష్టించి పెంచిన బిడ్డ వీథి దీపముల వెలుగులో దారి తప్పునేమో యను భయము ప్రతి దేశమందలి తలిదండ్రులకును గలదు.

1920లో తల్లి మరణించెను. వాలర్ కప్పటికి 16 ఏండ్లు. ఆ దుఃఖము భరింపలేక ఇల్లు విడిచి, పియానో వాయించు స్నేహితుని యింట చేరెను. అచ్చట జేమ్సు పి. జాన్సను అను గొప్ప పియానో విద్వాంసుని శిష్యరికము లభించెను. ఎడమచేయి మంద్రస్వరమునకును, నడిమి స్వరముల గుంపునకును నడుమ అడుగులు వేయుచు తాళము నిలుపగా, కుడిచేయి స్వేచ్ఛగా వరుస నల్లుట జాన్సను పద్ధతి. శిష్యుడు దానిని గురువుతో సమానముగా సాధించెను. 1922లో అతని పియానో వాద్యము మొదటిసారి గ్రామఫోను ప్లేట్లపై వెలువడెను.

అయినను అతని ప్రథమ ప్రేమ ఆర్గనే. పెద్ద గొట్టపు ఆర్గను వాయించుట సులభము కాదు. అందు వందలకొలది, కొన్నింట వేలకొలది గొట్టములుండును. రెండు చేతులు మీటల వరుసలపైనను, రెండు పాదములు పెడలులపైనను ఒకేసారి పనిచేయవలయును. మీట నొక్కిన పిదప గాలి గొట్టము చేరి, నాదము పుట్టి, వాయించువాని చెవికి చేరుసరికి క్షణము జాగగును. నిదానమైన కీర్తనలకు ఈ జాగు హాని చేయదు గాని జాజ్‌కు తాళమే ప్రాణము. కావున చెవికి వినబడుదానిని నమ్మక, మనస్సులోని తాళమునే నమ్మి ముందుగా వ్రేళ్లను కదలింపవలయును. పైగా నాదము గోడలకు తగిలి ప్రతిధ్వనించుచుండ వేగపు స్వరములు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఈ కష్టములను వాలర్ జయించెను.

కుక్కబొమ్మ గల ప్లేట్లకు ప్రసిద్ధిచెందిన విక్టర్ కంపెనీవారు క్యామ్‌డెన్ పట్టణమున ఒక పాత బాప్టిస్టు ప్రార్థనాలయమును కొని, దానిని ధ్వనిముద్రణ శాలగా మార్చియుండిరి. అందు గొట్టపు ఆర్గను గలదు. 1925లో విద్యుత్తుతో ధ్వనిని గ్రహించు విధానము వచ్చుటచే, ఆర్గను మంద్రనాదమును పూర్వముకంటె స్పష్టముగా ముద్రించుట సాధ్యమయ్యెను. 1926 నవంబరులో వాలర్ అచ్చట రెండు పాటలు వాయించెను. ప్రార్థనాలయపు గోడల నడుమ, ఆర్గనుపై, జాజ్ ముద్రింపబడెను. తండ్రి లోకమును కుమారుని లోకమును ఆ గదిలో కలిసికొన్నవి.

ఇక కీర్తి వేగముగా వచ్చెను. 1929లో ఆండీ రజాఫ్ అను కవి పదములు కూర్చగా వాలర్ చేసిన వరుసలు ఒక సంగీత నాటకముద్వారా న్యూయార్కు అంతటను మారుమ్రోగెను. కాని ధనము చేత నిలువలేదు. పాట అచ్చయినను, ప్లేటుగా అమ్ముడైనను ప్రతిసారియు హక్కుదారునకు కొంత సొమ్ము వచ్చును. వాలర్ ఆ యేడే అనేకమైన తన పాటల హక్కులను కలిపి 500 డాలర్లకు విక్రయించెను. ఆనాటి అవసరము తీరెను గాని జీవితకాలపు ఫలము పరుల పాలయ్యెను. మొదటి వివాహము విఫలమై, భార్యకు చెల్లింపవలసిన భరణము చెల్లింపనందున చెరసాలకు సయితము పోయెను. తిండియందును త్రాగుడునందును మితము లేకపోయెను.

1934 మొదలుకొని విక్టర్ కంపెనీకి తన చిన్న బృందముతో వందలకొలది పాటలు ముద్రించెను. కనుబొమలెగురవేసి, చిలిపి మాటలాడి, పసలేని పాటను సయితము తన హాస్యముతో రక్తికట్టించువాడు. జనులకు కావలసినది ఆ నవ్వే. కంపెనీవారు కోరినదియు అదియే. ఆ నవ్వు వెనుక నల్లజాతివాని కష్టములు గలవు. తనను చూచి చప్పట్లు కొట్టిన ఊరిలోనే బస దొరకని రోజులవి. అనేకమైన హోటళ్లు నల్లజాతివారిని లోనికి రానీయకుండెడివి.

1938లో ఐరోపా పర్యటనకు పోయినప్పుడు లండనులోని హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీవారి శాలలో ఆర్గను ముందు కూర్చుండు అవకాశము కలిగెను. అచ్చట ఆయన నవ్వుపాటలకు బదులు తన పితరుల భక్తిగీతములను వాయించెను. మోషేను గూర్చిన పాటయు, లోతైన నదిని గూర్చిన పాటయు అందున్నవి. ఒకప్పుడు చేలలో బానిసలు పాడుకొన్న పాటలు, వీథికూటపు బాలుని వ్రేళ్లనుండి, గంభీరముగా వెలువడెను. ఆయన యెవరో తెలిసికొనగోరువారు ఆ ప్లేట్లను వినవలయును.

1943లో హాలీవుడ్ చలనచిత్రమున నటించి, న్యూయార్కులో ఒక నాటకమునకు సంగీతము కూర్చెను. ఆ యేడు డిశంబరులో కాలిఫోర్నియానుండి రైలులో ఇంటికి మరలుచుండగా న్యుమోనియా సోకి, 15వ తేదీన కాన్సాస్ నగరమువద్ద ఆ రైలులోనే మరణించెను. వయస్సు 39 సంవత్సరములు మాత్రమే. హార్లెములోని అబిస్సీనియన్ బాప్టిస్టు ప్రార్థనాలయమున జరిగిన భూస్థాపన ఆరాధనకు నాలుగువేలకు పైగా జనులు వచ్చిరి. దేహమును దహించి, భస్మమును విమానమునుండి హార్లెముపై వెదజల్లిరి. అనంతరము గొట్టములు లేని, విద్యుత్తుతో పలుకు హామండ్ ఆర్గనుపై 1956 మొదలు జిమ్మీ స్మిత్ ముద్రించిన ప్లేట్లవలన జాజ్ ఆర్గను లోకమంతట వ్యాపించెను. ఆ దారిని త్రొక్కినవారిలో మొదటి గొప్పవాడు వాలరే.

తండ్రి భయము నిజమైనదా యని విద్యార్థులు అడుగవచ్చును. కొంతవరకు నిజమే, కుమారుని ఆయుష్షు సగములోనే తెగెను. అయితే దానికి కారణము సంగీతము కాదు, క్రమములేని జీవితము. లెక్క వ్రాసికొనుటయు, కాగితము చదువక సంతకము చేయకుండుటయు, దేహమును కాపాడుకొనుటయు ప్రతిభతోపాటు నేర్వవలసిన విద్యలే. తలిదండ్రులు గ్రహింపదగినది వేరొకటి గలదు. ఆ తండ్రి కుమారుని బోధకునిగా చేయలేకపోయెను. కాని వీథిమూలను తాను కూర్చుండబెట్టిన వాద్యమును కుమారుడు ఎన్నడును మరువలేదు. బాల్యమున మన బిడ్డల చేతికి భక్తితో నిచ్చినది, వారు మన కన్నులకు కానరాని దూరమునకు పోయినను, వారితోనే పోవును.