ముట్టుకోమన్న మ్యూజియం

‘ఓపెన్‌హైమర్’ సినిమా చూశారా? అందులో హీరోకి ఫ్రాంక్ అని ఓ తమ్ముడుంటాడు. పెద్దగా పట్టించుకుని ఉండరు. నన్నడిగితే, ఉద్యోగాల వేటలో ఉన్న మీరు తెలుసుకోవాల్సింది అన్న కథ కాదు, ఈ తమ్ముడిది.

1912లో పుట్టిన ఫ్రాంక్ కూడా ఫిజిక్స్ మనిషే. కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేశాడు. 1945లో తొలి అణుపరీక్ష జరిగినప్పుడు అన్నతోపాటు అక్కడే ఉన్నాడు. 1949లో, ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నానని ఒప్పుకోవడంతో మిన్నెసోటా యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. పాస్‌పోర్టు కూడా ఇవ్వలేదు. దాంతో కొలరాడో కొండల్లో పశువులు పెంచుకుంటూ ఏళ్లకేళ్లు గడిపాడు. రెజ్యూమెలో ఒక్క ఏడాది గ్యాప్ ఉంటేనే ఇంటర్వ్యూలో ఎలా తిప్పలు పెడతారో మీకు తెలుసు కదా!

1957లో పగోసా స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో హైస్కూల్ సైన్స్ టీచరయ్యాడు. పిల్లల్ని ఊరి చెత్తకుప్ప దగ్గరికి తీసుకెళ్లి, పాత యంత్రాల భాగాలు ఏరించి, వాటితోనే పాఠం చెప్పేవాడు. తర్వాత కొలరాడో యూనివర్సిటీలో చేరి, విద్యార్థులు తమంతట తామే చేసి చూసుకునే ప్రయోగాలు బోలెడు తయారుచేశాడు. 1965లో యూరప్ వెళ్లి అక్కడి సైన్స్ మ్యూజియాలు తిరిగొచ్చాడు.

1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం తెరిచాడు. మనం చూసిన మ్యూజియాల్లో ‘ముట్టుకోరాదు’ బోర్డే ముందు కనిపిస్తుంది. గంట తిరిగేసరికి కాళ్లు లాగుతాయి, గుర్తుండేది తక్కువ. ఇక్కడ అంతా ఉల్టా. ఇటునుంచే వెళ్లాలన్న రూలు లేదు. తిప్పొచ్చు, లాగొచ్చు, ఏమవుతుందో చూడొచ్చు. ఎగ్జిబిట్లు తయారుచేసే వర్క్‌షాపును కూడా వెనకెక్కడో దాచలేదు, వెల్డింగ్‌తో సహా జనం కళ్లెదుటే పెట్టాడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఎక్స్‌ప్లెయినర్ల సంగతి. వచ్చినవాళ్లకి సాయం చేయడానికి ప్రొఫెసర్లను పెట్టలేదు, హైస్కూల్ పిల్లలకే జీతమిచ్చి పెట్టుకున్నాడు. టాపర్లే కావాలనీ అనలేదు. ఆలోచిస్తే ఇందులో గట్టి లాజిక్కే ఉంది. ఓ విషయం మొన్నే నేర్చుకున్నవాడికి, అవతలివాళ్లు ఎక్కడ తికమకపడతారో బాగా తెలుస్తుంది. పైగా ఆ కుర్రాణ్ని ప్రశ్న అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. బిల్డింగ్ ఎంత గొప్పదైనా, అడిగితే చెప్పేవాళ్లు లేకపోతే సందర్శకుడు అసంతృప్తిగానే బయటికొస్తాడు.

1985లో చనిపోయేదాకా ఫ్రాంకే డైరెక్టర్. 2013లో మ్యూజియం సముద్రపు ఒడ్డున పియర్ 15కి మారింది. వర్క్‌షాప్ మాత్రం అక్కడా జనానికి కనిపించేలానే ఉంది.